పసిపిల్లలకు ఆట కూడా పాఠమే

“మౌల్వీసాబ్! అలిఫ్ బే నేర్చుకుంటాడని మావాణ్ణి మీ దగ్గరికి పంపుతున్నాం. ఇంటికొచ్చాక ‘ఈరోజు ఏం చదివావురా’ అంటే, ‘బిళ్ళలాట ఆడాం అమ్మీ’ అంటున్నాడు. ఆటలకే అయితే వీధి లేదా?”

ఓ తల్లి మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది. ఆమె కోపంలో న్యాయం ఉంది. భర్త ఆటో తోలి తెచ్చే డబ్బులోంచి నెలనెలా ఫీజు తీసి ఇస్తోంది. తనకు దక్కని ఖుర్‌ఆన్ చదువు బిడ్డకైనా దక్కాలన్నది ఆమె ఆశ. ఆ ఆశను మేము ఆటపాలు చేస్తున్నామని ఆమెకు అనిపించింది. నిజం చెప్పాలంటే, ఎవరైనా ఉస్తాద్ తరగతిలో ఆటలాడిస్తున్నాడని వింటే ఒకప్పుడు మేమూ ఆ మాటే అనేవాళ్ళం. ఆరోజు ఆమెకు నాలుగు ముక్కల్లో చెప్పి పంపాం. అయితే ఇదే సందేహం ఉన్న తల్లిదండ్రులు ఇంకా ఎంతోమంది ఉంటారు. వారికోసం ఈ నాలుగు మాటలు.

వేపపుల్ల పట్టిన ఉస్తాద్

మసీదు వరండాలో అస్ర్ నమాజు నుంచి మగ్రిబ్ దాకా నడిచే మక్తబ్ మాది. నాలుగేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు పిల్లలు వస్తారు. పొద్దంతా బడిలో కూర్చుని, పుస్తకాల సంచీ ఇంట్లో పడేసి, ఖాయిదా చేత పట్టుకుని పరుగెత్తుకొస్తారు. కొందరి ఇళ్ళల్లో ఉర్దూ మాట్లాడతారు, కొందరి ఇళ్ళల్లో తెలుగు. మా ఉస్తాదులు మాకు ఎలా నేర్పారో చాలా ఏళ్ళపాటు మేమూ వీళ్ళకు అలాగే నేర్పాం. వరుసగా కూర్చోబెట్టడం, ఒకరు చెబితే అందరూ అనడం, ఊగుతూ వల్లె వేయడం, తప్పు చదివితే బెత్తం. అలిఫ్ నుంచి యే దాకా పిల్లలు రాగం తీసి గడగడా అప్పజెప్పేవారు. తీరా మధ్యలో ఒక అక్షరం మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే నోరు తెరిచేవారు కాదు. మళ్ళీ అలిఫ్ నుంచి మొదలుపెట్టి, లెక్క పెట్టుకుంటూ అక్కడిదాకా వస్తే తప్ప దాని పేరు తెలిసేది కాదు.

ఒకరోజు విరామంలో వుజూ చేసుకుని వస్తూ వరండా మూల ఒక దృశ్యం చూశాం. పిల్లలు ‘మద్రసా ఆట’ ఆడుతున్నారు. అయిదేళ్ళ పిల్లవాడొకడు తలకు రుమాలు చుట్టుకుని, గోడకు ఆనుకుని, వేపపుల్ల పట్టుకుని అచ్చం మాలాగే కూర్చున్నాడు. ఎదురుగా ఒక చిన్నపాప. “అలిఫ్” అంది మెల్లగా. “గట్టిగా చదువు!” అని గద్దించాడు వాడు. అంతే, ఆ పాప ఎవరూ అడక్కుండానే అరచెయ్యి చాచింది.

మూడు నెలలుగా నేర్పుతున్నా ఆ పాపకు ‘బే’కూ ‘తే’కూ తేడా తెలియలేదు. చెయ్యి చాచడం మాత్రం వచ్చేసింది. కొన్నాళ్ళకే ఆమె రావడం మానేసింది. మక్తబ్ వేళకు కడుపునొప్పి అంటోందని ఇంట్లోవాళ్ళు కబురు చేశారు. మేము వెళ్ళి పిలిచినా తలుపు చాటు నుంచి బయటికి రాలేదు. అల్లాహ్ గ్రంథంలోని మొదటి అక్షరాలు ఆ పసిమనసులో భయంతో ముడిపడిపోయాయి. ఆ ముడి వేసింది మేమే. రేపు ఆ న్యాయదినాన దీనికి మేము జవాబు చెప్పుకోవాలి.

పిల్లలు ఆటలో నేర్చుకుంటారా అనే సందేహం మాకు ఆరోజే తీరిపోయింది. మా గొంతు, మా గద్దింపు, మేము కూర్చునే తీరు అన్నీ వాళ్ళు నేర్చేసుకున్నారు. అదీ ఆటలోనే. మరి ఆ ఆటలోనే అక్షరాన్ని ఎందుకు నేర్పకూడదు?

ప్రవక్త (స) సన్నిధిలో పిల్లలు

ఈ ప్రశ్నతో చదివిన గ్రంథాలనే మళ్ళీ తిరగేశాం. దైవప్రవక్త ముహమ్మద్ (స) పిల్లల ఆటను చిన్నచూపు చూడలేదని హదీసుల్లో అడుగడుగునా కనిపిస్తుంది.

హజ్రత్ అనస్ (రజి) గారి చిట్టి తమ్ముడు అబూ ఉమైర్ ఒక పిట్టతో ఆడుకునేవాడు. ప్రవక్త (స) వారింటికి వచ్చినప్పుడల్లా ఆ పిట్ట సంగతి అడిగేవారు. అదీ మామూలుగా కాదు, పిల్లవాడి పేరుకూ పిట్ట పేరుకూ ప్రాస కలిపి పలకరించేవారు. ఆ పిట్ట చనిపోయి వాడు దిగులుగా ఉన్నప్పుడు కూడా అలాగే పలకరించారు. ఒక రాజ్య బాధ్యతను, ఒక సముదాయ భారాన్ని మోస్తున్న మహనీయుడు పసివాడి పిట్టను పేరుతో సహా గుర్తుపెట్టుకున్నారు. చిన్నదిగా కనిపించే ఈ హదీసు నుంచి అరవై పాఠాలు తీసి, ఇబ్నుల్ ఖాస్ అనే షాఫయీ పండితుడు ఏకంగా ఒక పుస్తకమే రాశారు.

హజ్రత్ ఆయిషా (రజి) చిన్ననాటి బొమ్మల సంగతి మన ఇళ్ళల్లో చాలామందికి తెలుసు. ప్రవక్త (స) రాగానే సిగ్గుపడి దాక్కునే ఆమె స్నేహితురాళ్ళను ఆయనే మళ్ళీ ఆడుకోమని ఆమె దగ్గరికి పంపేవారు. ఒకసారి ఆ బొమ్మల్లో రెక్కల గుర్రాన్ని చూసి, గుర్రానికి రెక్కలేమిటని అడిగారు. సులైమాన్ ప్రవక్త (అలై) గుర్రాలకు రెక్కలుండేవని వినలేదా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు. ఆయన మనసారా నవ్వారు. ఆ నవ్వును ఉపాధ్యాయులమైన మేము గమనించాలి. ఆమె జవాబును తప్పుబట్టలేదు, ఆమె ఊహకు అడ్డు చెప్పలేదు. పిల్లలు ఆడుకునే బొమ్మలకు అనుమతి ఉందని చాలామంది ఫుఖహాలు చెప్పింది ఈ హదీసుల ఆధారంగానే.

మరొక సంగతి చూడండి. ఆషూరా రోజున మదీనా స్త్రీలు తమ పిల్లలచేత కూడా ఉపవాసం ఉంచేవారు. పిల్లలు ఆకలికి ఏడిస్తే ఉన్నితో చేసిన బొమ్మలు చేతికిచ్చి ఇఫ్తార్ దాకా మరిపించేవారని హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) చెప్పినట్టు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అంటే ఆరాధన నేర్పే చోట కూడా ఆ తల్లులు బొమ్మను సాయం తీసుకున్నారు. ఆట వారికి దీన్‌కు అడ్డు కాలేదు, దీన్ దగ్గరికి బిడ్డను నడిపించే చెయ్యి అయ్యింది.

ఇక బోధన సంగతి. ప్రవక్త (స) నేలమీద గీతలు గీసి మనిషి ఆయువును, ఆశను వివరించారు. ఆకు రాలని చెట్టు ఏదో చెప్పమని పొడుపుకథలా అడిగారు. కూర్చున్న పెద్దలంతా అడవిలోని చెట్లన్నీ తలపోశారు. అందరిలోకీ చిన్నవాడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి)కు అది ఖర్జూర చెట్టని తట్టింది గానీ పెద్దల ముందు చెప్పడానికి సిగ్గుపడ్డారు. తర్వాత ఈ సంగతి తెలిసిన తండ్రి హజ్రత్ ఉమర్ (రజి), నువ్వు చెప్పి ఉంటే నాకెంతో సంతోషంగా ఉండేదని అన్నారు. బిడ్డ నోరు తెరిచి ఒక మాట చెప్పడం తండ్రికి ఎంత విలువైనదో చూడండి. మరి మా బెత్తం ముందు ఎన్ని నోళ్ళు మూతపడి ఉంటాయో!

పెద్దల మాట

తర్వాతి కాలపు పండితులు కూడా ఈ విషయాన్ని వదిలిపెట్టలేదు. 1111లో పరమపదించిన ఇమామ్ గజాలీ (రహ్మ) తన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో పిల్లల పెంపకం గురించి ప్రత్యేకంగా రాశారు. మక్తబ్ నుంచి వచ్చిన పిల్లవాడిని ఆడుకోనివ్వాలని, ఆట మాన్పించి ఎప్పుడూ చదువే రుద్దితే హృదయం చచ్చిపోయి, తెలివి మొద్దుబారి, చదువు తప్పించుకునే ఉపాయాలు వెతుకుతాడని ఆయన హెచ్చరించారు. మక్తబ్ వేళకు వచ్చే కడుపునొప్పి ఏమిటో మాకు అక్కడ అర్థమైంది. 14వ శతాబ్దానికి చెందిన ఇబ్నె ఖల్దూన్ ‘ముఖద్దిమా’లో, విద్యార్థులపై కాఠిన్యం చూపితే వారిలో అబద్ధం, కపటం అలవడతాయని రాశారు.

ఇమామ్ గజాలీ చెప్పింది చదువు తర్వాతి ఆట గురించి. చదువులోనే ఆట అనేది ఇంకో మెట్టు. ఆ మెట్టు ఎక్కి చూపిన ఒక సంస్థ మన దేశంలోనే ఉంది. ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియాకు 1926 నుంచి 1948 దాకా సారథ్యం వహించినవారు డాక్టర్ జాకిర్ హుస్సేన్. మన హైదరాబాదులో 1897లో పుట్టి, 1967లో రాష్ట్రపతి అయిన మహానుభావుడు ఆయనే. బెర్లిన్‌లో చదువుకునే రోజుల్లో ఆయనకు గెర్దా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ పరిచయమయ్యారు. ఆమె 1930ల మొదట్లో జామియాకు వచ్చి పసిపిల్లల విభాగానికే జీవితాన్ని అంకితం చేశారు. పిల్లలు ఆమెను ‘ఆపాజాన్’ అని పిలిచేవారు. 1943లో ఢిల్లీలోనే కన్నుమూశారు, జామియా శ్మశానవాటికలోనే ఆమె సమాధి ఉంది. అదే జామియా ప్రాథమిక పాఠశాలలో అబ్దుల్ గఫ్ఫార్ ముధోలీ అనే ఉపాధ్యాయుడు పిల్లలచేత పనులు చేయిస్తూ చదువు చెప్పే పద్ధతిని నడిపారు. దుకాణం, బ్యాంకు వంటివి పిల్లలే నడుపుతూ లెక్కలు నేర్చుకునేవారు. 1935లో ఓఖ్లాలో జామియా భవనానికి శంకుస్థాపన జరిగినప్పుడు పునాదిరాయి వేసింది ఏ నవాబూ కాదు, ఏ నాయకుడూ కాదు. ఆ బడిలోని అందరికంటే చిన్న విద్యార్థి. పిల్లవాడి స్థానం ఏమిటో వారు అలా చాటారు.

ప్రభుత్వం కూడా ఈ దారికే వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వయసును పునాది దశగా గుర్తించి, ఆ దశలో ఆటలద్వారా, పనులద్వారా నేర్పాలని చెప్పింది. 2023లో ఆ వయసు పిల్లలకోసం బొమ్మలు, పజిళ్ళు, కథల కార్డులతో ‘జాదూయీ పిటారా’ అనే పెట్టెను విడుదల చేసింది. 2009 విద్యాహక్కు చట్టం బడుల్లో పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. మతబోధనే ప్రధానంగా ఉండే మద్రసాలకు, వేదపాఠశాలలకు ఆ చట్టం వర్తించదని 2012లో సవరణ చేశారు. ఆ మాట చెప్పి తప్పించుకునే వారిని మేము చూశాం. చట్టం వర్తించకపోతే పోనీ, సున్నత్ కూడా వర్తించదా?

మా వరండాలో ఇప్పుడు

మేము పెద్ద ఖర్చేమీ పెట్టలేదు. వరండా నేలమీద సుద్దముక్కతో పెద్ద పడవ గీస్తాం. పిల్లవాడి చేతికి చెక్కబిళ్ళలు ఇస్తాం. పడవ కింద ఒక బిళ్ళ పెడితే ‘బే’. ఆ బిళ్ళ తీసి పైన రెండు పెడితే ‘తే’. మూడు పెడితే ‘సే’. ఉర్దూ చదివే పిల్లలైతే కింద మూడు పెట్టి ‘పే’ చేస్తారు. అలాగే కడుపులో బిళ్ళ ఉంటే ‘జీమ్’, నెత్తిన ఉంటే ‘ఖే’, ఏమీ లేకపోతే ‘హే’. అక్షరాన్ని చూడడం కాదు, తన చేత్తో తయారుచేస్తాడు. చుక్క జరిగితే అక్షరం మారిపోతుందన్న సంగతి వందసార్లు వల్లె వేసినా ఎక్కనిది, నాలుగుసార్లు బిళ్ళ జరిపితే ఎక్కుతుంది.

తొక్కుడుబిళ్ళ గళ్ళల్లో అంకెలకు బదులు అక్షరాలు రాస్తాం. ఏ గడిలో కాలు మోపితే ఆ అక్షరం పేరు చెప్పాలి. రాగం తీసి అప్పజెప్పే దారి ఇక్కడ లేదు, ప్రతి అక్షరాన్నీ విడిగా గుర్తుపట్టాల్సిందే. గళ్ళను కుడినుంచి ఎడమకు గీయడంలో మరో లాభం ఉంది. తెలుగు, ఇంగ్లీషు ఎడమనుంచి రాసే పిల్లలకు అరబీ దిశ తికమకగా ఉంటుంది. నాలుగురోజులు అటునుంచి గెంతితే ఆ దిశ కాలికే అలవాటవుతుంది.

ఉచ్చారణకు అద్దం ఆట ఉంది. ‘సే’, ‘జాల్’ పలికేటప్పుడు నాలుక కొస పళ్ళమధ్య కనిపించాలి. పిల్లలు చిన్న అద్దంలో చూసుకుంటూ నాలుక కనిపించిందా లేదా అని ఒకరినొకరు పరీక్షించుకుంటారు. ‘సీన్’, ‘జే’ పలికితే కనిపించకూడదు. మన నాలుకకు అన్నీ ఒకటే అయిపోయే ఈ అక్షరాల తేడా పెద్దలకే కష్టం. పిల్లలు నవ్వుకుంటూ నేర్చుకుంటున్నారు.

వుజూ క్రమం నేర్పడానికి బొమ్మల కార్డులు కలిపేసి ఇస్తాం. ముఖం, చేతులు, తల మసహ్, పాదాలు వరుసలో పేర్చాలి. ఒకరు తప్పు పేరిస్తే మరొకరు సరిచేస్తారు. తన వంతు వచ్చేదాకా ఆగడం, ఓడినా అలగకపోవడం, తప్పు ఒప్పుకోవడం వంటి సంస్కారాలు ఉపన్యాసాలతో రావు. ఆటలో ప్రతి పది నిమిషాలకూ వాటికి పరీక్ష జరుగుతుంది.

ఆటకూ హద్దుంది

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పం. మొదటి వారం గోలతో వరండా దద్దరిల్లింది. జిక్ర్ చేసుకుంటున్న పెద్దలకు ఇబ్బంది అయ్యింది. మసీదు సదర్‌సాబ్ పిలిచి మందలించారు, ఆయన మాట సబబే. అప్పటినుంచి గెంతే ఆటలు బయట ఆవరణలో, కూర్చుని ఆడేవి వరండాలో పెట్టాం. మొదట్లో చింతగింజలు వాడాం. ఓ పిల్లవాడు గింజను ముక్కులో దూర్చుకోబోయాడు. ఆరోజే గింజలు తీసేసి పెద్ద చెక్కబిళ్ళలు తెచ్చాం. పసిపిల్లలకు నోట్లో, ముక్కులో పట్టే వస్తువు ఇవ్వరాదని తల్లులు కూడా గుర్తుంచుకోవాలి.

ఆటతోనే అంతా వస్తుందని కూడా మేము అనడం లేదు. సూరాలు కంఠస్థం కావాలంటే మళ్ళీ మళ్ళీ చదవాల్సిందే. తజ్వీద్ ఉస్తాద్ నోటినుంచి విని నేర్చుకోవాల్సిందే. హిఫ్జ్ చేసే పెద్దపిల్లల శ్రమకు ప్రత్యామ్నాయం లేదు. అయితే ఆ శ్రమకు సిద్ధపడే ప్రేమ ముందు కలగాలి. నాలుగేళ్ళ వయసులో మేము నాటవలసింది ఆ ప్రేమనే. ఆటకు ముందు ఏ అక్షరం నేర్పాలో ఉస్తాద్‌కు తెలియాలి, ఆట అయ్యాక ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది చూడాలి. ఊరికే వదిలేసి తాను కునుకు తీస్తే అది బోధన కాదు.

తల్లిదండ్రులకు మనవి

మీ బిడ్డ మక్తబ్ నుంచి రాగానే ‘ఏం చదివావు’ అని కాకుండా, ‘ఏం ఆడావో నాకూ నేర్పు’ అని అడగండి. వాడు ఉస్తాద్ అవుతాడు, మీరు శిష్యులవుతారు. నేర్పేటప్పుడు వాడికి ఎంత వచ్చిందో మీకే తెలిసిపోతుంది. బిళ్ళలాట గురించి అడిగిన ఆ తల్లికి మేము చెప్పింది ఇదే. మర్నాడు ఆమె వచ్చి, “పప్పు గిన్నె మూత పడవ అన్నాడు మౌల్వీసాబ్, మూడు టమాటాలు పైన పెట్టి ‘సే’ అన్నాడు” అని చెప్పింది. తను కూడా పక్కన కూర్చుని నేర్చుకుంటోందట. సంతోషించాం.

అన్నం తినిపించడానికి సెల్‌ఫోన్ చేతికిచ్చి, దాన్నే ఆట అనుకోకండి. అందులో పిల్లవాడు చూస్తాడు, ఆడడు. వేళ్ళు, మాట, ఊహ, తోటిపిల్లలు అన్నీ కలిస్తేనే ఆట. మన అవ్వలు ఆడించిన అష్టాచమ్మా, వామనగుంటలు లెక్కలు నేర్పిన ఆటలే. సాయంత్రం ఓ అరగంట వాటిని బయటికి తీయండి. మీరు నమాజులో ఉండగా బిడ్డ వీపెక్కితే విసుక్కోకండి. మనుమడు వీపుమీద ఎక్కాడని దైవప్రవక్త (స) సజ్దాను దీర్ఘం చేశారు, వాడు దిగేదాకా తొందరపెట్టలేదు.

మా మక్తబ్‌లో ఇప్పటికీ విరామంలో పిల్లలు ‘మద్రసా ఆట’ ఆడుతుంటారు. మేము దూరం నుంచి చూస్తుంటాం. ఒక్కోరోజు ఆ ఆటలోని ఉస్తాద్ కసురుకుంటాడు. ఆరోజు మేము ఎవరినో కసురుకున్నామన్న మాట. ఇన్‌స్పెక్టర్ల తనిఖీ మాకు లేదు గానీ ఈ తనిఖీ రోజూ ఉంది. చెయ్యి చాచిన ఆ పాప మళ్ళీ రాలేదు. ఇకముందు మరే పాపా అలా వెళ్ళిపోకూడదన్నదే మా ప్రయత్నం.

తన గ్రంథాన్ని మన పిల్లలకు భయంతో కాక ప్రేమతో నేర్పే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! (ఆమీన్)